శివారు నివాసం, జోనింగ్ నిబంధనలు, వ్యక్తి స్వేచ్ఛ

నగరానికి వెలుపల, చుట్టూ కాస్త ఖాళీ జాగా ఉన్న సొంత ఇంట్లో బతకడం అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో చాలామంది జీవన విధానం. ఆ ఇల్లు ఎంత స్థలంలో ఉండాలి, పక్క స్థలంలో ఏం కట్టవచ్చు, ఒక ఇంట్లో ఎవరెవరు కలిసి ఉండవచ్చు అన్న విషయాలను చాలావరకు స్థానిక ప్రభుత్వాల జోనింగ్ నిబంధనలు నిర్ణయిస్తాయి. ఇవి పౌరుడి స్వేచ్ఛను కాపాడుతున్నాయా, హరిస్తున్నాయా అన్న చర్చ మొదలై నూరేళ్లు దాటింది. ఇళ్ల ధరలు, అద్దెలు సామాన్యుడికి అందనంతగా పెరగడంతో 2010ల నుంచి అది మళ్లీ వేడెక్కింది.

ఒకవైపు స్వేచ్ఛ, మరోవైపు ప్రభుత్వం అనుకుంటే ఈ చర్చ సగమే అర్థమవుతుంది. ఇందులో అన్ని పక్షాలూ స్వేచ్ఛ పేరుతోనే మాట్లాడతాయి. తన స్థలంలో తనకు కావలసింది కట్టుకునే స్వేచ్ఛ ఒకటి. కోరి కొనుక్కున్న వీధి తీరు మారకుండా చూసుకునే స్వేచ్ఛ రెండోది. ఆ వీధిలోకి వచ్చి బతికే స్వేచ్ఛ మూడోది. ఈ మూడోది కోరేవారు ఇంకా ఆ ఊరికి రాలేదు కాబట్టి వారికి అక్కడ ఓటు ఉండదు. చర్చలోని అసలు ముడి ఇక్కడే పడింది.

నిబంధనల స్వరూపం

జోనింగ్ అంటే ఊరి భూమిని నివాస, వాణిజ్య, పారిశ్రామిక మండలాలుగా విడదీసి, ఏ మండలంలో ఏం కట్టవచ్చో చట్టంగా రాయడం. కనీస ప్లాటు విస్తీర్ణం, భవనం ఎత్తు, నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాక్, ఇంటికి ఎన్ని కార్ల పార్కింగ్ ఉండాలన్నదీ అందులోనే ఉంటాయి. నివాస మండలాన్ని మళ్లీ ముక్కలు చేసి, విడిగా నిలిచే ఒక కుటుంబపు ఇల్లు తప్ప మరేదీ కట్టకూడదని శాసించడం అమెరికా పద్ధతిలోని ప్రత్యేకత. అలాంటి మండలంలో రెండు వాటాల ఇల్లు కట్టినా చట్టవిరుద్ధమే. 2019లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం నివాస భూమిలో ఇలాంటి మండలాల వాటా లాస్ ఏంజెలెస్‌లో 75 శాతం, సియాటెల్‌లో 81 శాతం, శాన్ హోసేలో 94 శాతం. న్యూయార్క్ నగరంలో అది 15 శాతమే.

ఈ అధికారం రాష్ట్రాలది. రాష్ట్రాలు దాన్ని మునిసిపాలిటీలకు, కౌంటీలకు అప్పగించాయి. అందుకే ఒక మహానగరం చుట్టూ ఉన్న పదుల కొద్దీ చిన్న పట్టణాలు దేని నిబంధనలు అది రాసుకుంటాయి. మినహాయింపు కావాలంటే బోర్డుకు దరఖాస్తు పెట్టాలి, ఇరుగుపొరుగుకు నోటీసులు వెళ్లాలి, బహిరంగ విచారణ జరగాలి. మసాచుసెట్స్ పట్టణాల్లో ఇలాంటి సమావేశాల రికార్డులను బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. మాట్లాడేవారిలో వయసు మళ్లినవారు, సొంత ఇల్లున్నవారు జనాభాలోని తమ వాటాకు మించి ఉన్నారని, ఎక్కువ మంది కొత్త నిర్మాణాన్ని వ్యతిరేకించారని తేల్చారు. రేపు ఆ అపార్ట్‌మెంట్‌లోకి అద్దెకు రాబోయే వ్యక్తికి ఆ విచారణ సంగతే తెలియదు.

పుట్టుక

భూ వినియోగంపై ఆంక్షలు మొదట ఉపద్రవాలను అడ్డుకోవడానికి వచ్చాయి. చర్మశాలలు, ఇటుక బట్టీలు, కబేళాలు ఇళ్ల మధ్య ఉండకూడదన్న వాదనను కాదనేవారు తక్కువ. లాస్ ఏంజెలెస్ 1908లో నివాస ప్రాంతాలను విడిగా గుర్తించింది. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన 38 అంతస్తుల ఈక్విటబుల్ భవనం చుట్టుపక్కల వీధులకు వెలుతురు లేకుండా చేసింది. వస్త్ర కర్మాగారాలు ఫిఫ్త్ అవెన్యూ దుకాణాల దాకా పాకుతున్నాయని వర్తకులు ఆందోళన పడ్డారు. ఈ రెండూ కలిసి 1916లో నగరమంతటికీ వర్తించే తొలి సమగ్ర జోనింగ్ చట్టానికి దారి తీశాయి.

అదే కాలంలో మరో ఉద్దేశం కూడా పనిచేసింది. శాన్ ఫ్రాన్సిస్కో చీనీయుల లాండ్రీలను లక్ష్యంగా చేసుకుని నిబంధనలు అమలు చేస్తే, 1886లో సుప్రీంకోర్టు యిక్ వో కేసులో అది వివక్షేనని చెప్పింది. బాల్టిమోర్ 1910లో ఏ వీధిలో తెల్లవారుండాలో, ఏ వీధిలో నల్లవారుండాలో నేరుగా చట్టం చేసింది. ఇలాంటిదే లూయీవిల్ నగర చట్టం ఒకటి సుప్రీంకోర్టుకు చేరింది. 1917లో బుకానన్ వర్సెస్ వార్లీ తీర్పులో కోర్టు దాన్ని కొట్టివేసింది. యజమానికి తన ఆస్తిని నచ్చినవారికి అమ్ముకునే హక్కు ఉందన్నది ఆ తీర్పుకు ప్రధాన ఆధారం. ఆస్తి స్వేచ్ఛ అంటే సంపన్నుల నినాదమేనని తోసిపుచ్చేవారు ఈ కేసును మరవకూడదు. నల్లజాతి పౌరులకు ఆ రోజు అక్కరకు వచ్చింది ఆ హక్కే.

యూక్లిడ్ తీర్పు

ఓహైయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ గ్రామం 1922లో జోనింగ్ చట్టం చేసింది. అక్కడ 68 ఎకరాలున్న ఆంబ్లర్ రియల్టీ సంస్థ పరిశ్రమలకు అమ్ముకోవాలనుకున్న భూమిలో కొంత భాగం నివాస మండలంలోకి వెళ్లింది. తమ భూమి విలువ పడిపోయిందని సంస్థ కోర్టుకెక్కింది. జిల్లా న్యాయమూర్తి వెస్టన్‌హేవర్ సంస్థ పక్షాన తీర్పు ఇస్తూ, ఇలాంటి చట్టం చివరికి జనాన్ని ఆదాయాన్ని బట్టి విడదీస్తుందని హెచ్చరించారు. 1926లో సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో ఆ తీర్పును తిరగరాసింది. జస్టిస్ సదర్లాండ్ రాసిన తీర్పు, విడి ఇళ్ల మధ్య వచ్చే అపార్ట్‌మెంట్ భవనాన్ని చుట్టూ ఉన్న వాతావరణాన్ని వాడుకుని బతికే పరాన్నజీవితో పోల్చింది.

ఈ తీర్పుతో జోనింగ్‌కు రాజ్యాంగ ఆమోదం దొరికింది. హెర్బర్ట్ హూవర్ వాణిజ్య మంత్రిగా ఉన్నప్పుడు ఆ శాఖ తయారు చేసిన నమూనా చట్టాన్ని రాష్ట్రాలు వరుసగా స్వీకరించాయి. కర్మాగారం పొగ నుంచి ఇంటిని కాపాడే తర్కం, పెద్ద ఇంటిని చిన్న ఇంటి నుంచి కాపాడే తర్కంగా మారిన మలుపు ఇదే. పొగ వల్ల కలిగే కీడును కొలవవచ్చు. పక్కింట్లో రెండు కుటుంబాలుంటే కలిగే కీడేమిటో ఆ తీర్పు సంతృప్తికరంగా చెప్పలేదు.

యుద్ధానంతర విస్తరణ

శివారు ఇంటిని సామాన్యుడికి అందించినవి ప్రభుత్వ విధానాలే. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహ రుణాలకు బీమా ఇచ్చింది. 1944 నాటి చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇంటి రుణం సులభం చేసింది. 1956 చట్టం 41 వేల మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు నిధులు ఇచ్చింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ సంస్థ 1947–51 మధ్య 17 వేలకు పైగా ఇళ్లు కట్టి లెవిట్‌టౌన్‌ను నిలబెట్టింది. 6,000 చదరపు అడుగుల స్థలంలో 750 చదరపు అడుగుల చిన్న ఇల్లు. నగరంలోని ఇరుకు వాటాల్లో పెరిగిన కార్మిక కుటుంబాలకు అది నిజమైన విముక్తి. పిల్లలు ఆడుకునే పెరడు, తలుపు వేసుకుంటే తమదైన ఏకాంతం, నెలనెలా అద్దెకు బదులు సొంతమయ్యే ఆస్తి వారికి దక్కాయి. శివారును హీనంగా చూసే మేధావులు ఈ ఆనందాన్ని తక్కువ అంచనా వేశారు.

ఆ స్వేచ్ఛకు అప్పుడే హద్దులు కూడా గీశారు. లెవిట్‌టౌన్ ఒప్పందాలు కంచె వేసుకోవడాన్ని, వారాంతాల్లో బట్టలు ఆరేయడాన్ని నిషేధించాయి. వీటన్నిటికంటే ఘోరం, తొలి ఒప్పందాలు తెల్లవారు కానివారికి నివాసమే నిరాకరించాయి. నల్లవారుండే పేటలను రుణాలకు తగనివిగా ముద్ర వేసే పద్ధతిని ఫెడరల్ సంస్థలే పాటించాయి. జాతి షరతులున్న దస్తావేజులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు చెప్పింది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించింది. జాతి పేరు ఎత్తని జోనింగ్ మాత్రం నిలిచింది. ఎకరం స్థలం ఉంటేనే ఇల్లు కట్టాలన్న నిబంధనకు రంగు ఉండదు కానీ, తరతరాలుగా ఆస్తి కూడబెట్టుకోనివ్వని జనాన్ని అది అంతే గట్టిగా బయట నిలబెడుతుంది.

కుటుంబం అంటే ఎవరు?

ఒక కుటుంబపు ఇల్లు అని చట్టం రాస్తే, కుటుంబం ఏదో కూడా చట్టమే చెప్పాల్సి వస్తుంది. లాంగ్ ఐలాండ్‌లోని బెల్ టెర్ గ్రామం, బంధుత్వం లేనివారు ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉండరాదంది. ఆరుగురు విద్యార్థులు కలిసి అద్దెకున్న ఇంటిపై వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1974లో కోర్టు గ్రామాన్నే సమర్థించింది. ఎవరితో కలిసి బతకాలో ఎంచుకోవడం వ్యక్తి ఆంతరంగిక స్వేచ్ఛ అని జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ అసమ్మతి తెలిపారు.

మూడేళ్ల తరువాత వచ్చిన మూర్ వర్సెస్ ఈస్ట్ క్లీవ్‌లాండ్ కేసు మన ఉమ్మడి కుటుంబాలు ఎరిగినవారిని కదిలిస్తుంది. ఐనెజ్ మూర్ తన కొడుకుతో, ఇద్దరు మనవళ్లతో ఉండేది. మనవళ్లలో ఒకడు ఆ ఇంట్లో ఉన్న కొడుకు బిడ్డ, రెండోవాడు మరో కొడుకు బిడ్డ. తల్లి చనిపోవడంతో రెండోవాడు నాయనమ్మ దగ్గరికి చేరాడు. ఊరి చట్టం ప్రకారం ఈ రెండో మనవడు అక్రమ నివాసి. ఆమెకు ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా విధించారు. 1977లో సుప్రీంకోర్టు స్వల్ప ఆధిక్యంతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. అవ్వాతాతలు, మేనమామలు, పిన్నమ్మలు, పెదనాన్న పిల్లలు కలిసి ఉండటం కూడా కుటుంబ జీవనమేనని గుర్తించింది. మండలాల పటం ఇంటి గుమ్మం దాటి లోపలికి ఎంత దూరం రాగలదో ఈ కేసు చూపింది.

వాదాలు

జోనింగ్‌ను సమర్థించేవారి వాదన బలమైనది. చాలా కుటుంబాలకు ఇల్లే జీవితకాలపు పొదుపు. దానికి అగ్నిప్రమాద బీమా ఉంది కానీ, వీధి పాడైతే నష్టపరిహారం ఇచ్చే బీమా లేదు. జోనింగ్ ఆ లోటు తీరుస్తుందని, అందుకే ఇంటి యజమానులు స్థానిక ఎన్నికల్లో అంత చురుకుగా ఉంటారని ఆర్థికవేత్త విలియం ఫిషెల్ వివరించారు. వేరువేరు పట్టణాలు వేరువేరు పన్నులు, సేవలు, నిబంధనలు అందిస్తే కుటుంబాలు తమకు నచ్చిన చోటికి వెళ్తాయని 1956లో మరో ఆర్థికవేత్త చార్ల్స్ టీబౌట్ రాశారు. బడి, మురుగు కాలువ, రోడ్డు మోయగలిగినంత మందే రావాలని కోరడం కూడా సహేతుకమే.

వ్యతిరేకుల్లో వామపక్షం వారూ, మితవాదులూ ఉన్నారు. మార్కెట్ స్వేచ్ఛను నమ్మే బెర్నార్డ్ సీగన్ జోనింగ్ లేకుండానే నగరం నడుస్తుందని 1972లో ఒక పుస్తకమే రాశారు. గిరాకీ ఉన్న నగరాల్లో ఇంటి ధర నిర్మాణ ఖర్చును మించిపోవడానికి నిబంధనలే ముఖ్య కారణమని ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ గ్లేజర్, జోసెఫ్ జ్యూర్కో చూపారు. ఇళ్లు, దుకాణాలు, పనిచోట్లు కలిసిన వీధులే నగరానికి ప్రాణమని 1961లో రచయిత్రి జేన్ జేకబ్స్ వాదించారు. తప్పనిసరి పార్కింగ్ భారాన్ని కారు లేనివారు కూడా మోస్తున్నారని డోనల్డ్ షూప్ లెక్కలతో నిరూపించారు. పర్యావరణవాదులు సుదూర ప్రయాణాల పొగను ఎత్తిచూపుతారు. మరోవైపు జోయెల్ కోట్‌కిన్, రాబర్ట్ బ్రూగ్‌మన్ వంటివారు, జనం శివారును ఇష్టంతోనే ఎంచుకున్నారని, ప్రణాళికాకర్తలు ఆ అభిరుచిని గౌరవించాలని అంటారు.

నిజానికి ఈ చివరి మాట జోనింగ్‌కు సమర్థన కాదు. జనం విడి ఇంటినే కోరుకుంటే, చట్టం బలవంతం చేయకపోయినా అవే కడతారు. అపార్ట్‌మెంట్లు కట్టరాదన్న నిషేధం అవసరమైందంటేనే, వాటిని కోరేవారు ఉన్నారన్నమాట.

రెండు దారులు: హ్యూస్టన్, ఒరెగాన్

జోనింగ్ చట్టం లేని పెద్ద నగరంగా హ్యూస్టన్‌ను చూపుతారు. 1948, 1962, 1993లలో ఓటర్లు జోనింగ్‌ను తిరస్కరించారు. అయినా అక్కడ నియమాలు లేవనడం తప్పు. చాలా కాలనీల్లో దస్తావేజులోనే షరతులు ఉంటాయి, వాటిని అమలు చేయించడానికి నగర న్యాయ విభాగం కూడా రంగంలోకి దిగుతుంది. 1998లో నగరం లోపలి వలయ రహదారి పరిధిలో కనీస ప్లాటును 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు, అంటే సుమారు 555 గజాల నుంచి 155 గజాలకు తగ్గించే వీలు కల్పించింది. 2013లో దాన్ని మిగతా నగరానికి విస్తరించింది. పాత ఇల్లున్న ఒక్క స్థలంలో మూడు నాలుగు సన్నని ఇళ్లు లేచాయి. మార్పు వద్దనుకున్న వీధులు తమకు మినహాయింపు కోరుకోవచ్చు. రెండు స్వేచ్ఛలను రాజీ చేసిన ఏర్పాటు ఇది. ఆ నగరానికి వరదల ముప్పు కూడా ఉంది. నీటి దారిలో ఇళ్లు కడితే నష్టం కట్టుకున్నవారితో ఆగదని 2017 హార్వీ తుపాను గుర్తుచేసింది.

ఒరెగాన్ రాష్ట్రం 1973లో మరో దారి పట్టింది. ప్రతి నగరం చుట్టూ ఒక ఎల్లగీత గీసి, దాని బయట పొలాలను, అడవులను కాపాడింది. గీత బయట ఉన్న భూయజమానులు తమకు అన్యాయం జరిగిందన్నారు. పరిహారమైనా ఇవ్వాలి, నిబంధనైనా సడలించాలి అన్న ప్రతిపాదనను 2004లో ఓటర్లు గెలిపించారు. భారీ లేఅవుట్లకు దరఖాస్తులు వెల్లువెత్తడంతో 2007లో వారే ఆ చట్టాన్ని చాలావరకు కుదించారు. మూడేళ్లలోనే స్వేచ్ఛ విలువను, హద్దు విలువను రెండింటినీ ఒకే ప్రజలు గుర్తించిన సందర్భం ఇది.

గృహయజమానుల సంఘాలు

మునిసిపాలిటీతో పాటు మరో పాలకుడు కూడా శివారులో ఉంటాడు. ఏడు కోట్లకు పైగా అమెరికన్లు గృహయజమానుల సంఘాల పరిధిలో ఉన్నారు. గోడ రంగు, గడ్డి ఎత్తు, చెత్తడబ్బా బయట పెట్టే వేళ వరకు ఇవి శాసిస్తాయి. సంతకం చేసి ఒప్పుకున్నాక ఫిర్యాదు దేనికన్నది వీటిని సమర్థించేవారి మాట. కొత్త కాలనీల్లో సంఘం లేని ఇల్లే దొరకనప్పుడు ఆ సంతకం ఎంత స్వేచ్ఛగా పెట్టినట్టన్నది విమర్శ. సెయింట్ లూయిస్ శివారు లాడ్యూలో నగర నిషేధాన్ని కాదని గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా కిటికీలో చిన్న కాగితం పెట్టిన ఇంటి యజమానురాలి హక్కును 1994లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా నిలబెట్టింది. అయితే రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టడి చేసినట్టుగా ప్రైవేటు సంఘాన్ని కట్టడి చేయదు.

సంస్కరణలు

తొలి పెద్ద అడుగు న్యూజెర్సీలో పడింది. మౌంట్ లారెల్ పట్టణంలో తరతరాలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలు తక్కువ అద్దె ఇళ్లు కట్టుకుంటామంటే అనుమతి దొరకలేదు. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఎదుగుతున్న ప్రతి పట్టణం ఆ ప్రాంతపు పేదల గృహావసరంలో తన న్యాయమైన వాటా మోయాలంది. పోరాటానికి ముందు నిలిచిన ఎథెల్ లారెన్స్ పేరుతో చివరికి అక్కడ ఇళ్లు వెలిశాయి. వాటివల్ల నేరాలు పెరగలేదని, చుట్టుపక్కల ఇళ్ల ధరలు పడిపోలేదని ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం 2013లో వెల్లడించింది. దశాబ్దాల భయానికి ఆధారం లేదని తేలింది.

2018లో మినియాపోలిస్ నగర మండలి ఒకే ఇంటి మండలాలన్నిటిలో మూడు వాటాల వరకు అనుమతించే ప్రణాళికను ఆమోదించింది. 2019లో ఒరెగాన్, 2021లో కాలిఫోర్నియా, 2023లో వాషింగ్టన్, మోంటానా రాష్ట్ర చట్టాలతోనే స్థానిక నిషేధాలను సడలించాయి. మోంటానాలో రిపబ్లికన్లు, కాలిఫోర్నియాలో డెమోక్రాట్లు ఈ పని చేయడం గమనించదగింది. 2017–22 మధ్య మినియాపోలిస్‌లో ఇళ్ల సంఖ్య 12 శాతం పెరగగా అద్దెలు ఒక శాతమే పెరిగాయని, మిగతా రాష్ట్రంలో అద్దెల పెరుగుదల 14 శాతమని ప్యూ సంస్థ లెక్కగట్టింది. ఇందులో మూడు వాటాల ఇళ్ల పాత్ర స్వల్పం. బస్సు దారుల వెంట అపార్ట్‌మెంట్లకు అనుమతి, పార్కింగ్ నిబంధన తొలగింపు ఎక్కువ పనిచేశాయి. ఎదురుదెబ్బలూ తగిలాయి. వర్జీనియాలో ఆర్లింగ్‌టన్ కౌంటీ 2023లో చేసిన ఇలాంటి సవరణను మరుసటి ఏడాదే కింది కోర్టు కొట్టివేసింది.

తెలుగువారికి సంబంధం

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారిలో చాలామంది న్యూజెర్సీలోని ఎడిసన్, డల్లాస్ చుట్టూ ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, సిలికాన్ లోయ వంటి శివార్లలోనే ఉంటారు. మంచి బడి ఉన్న ప్రాంతంలో ఇల్లు కొనడానికి వారు చెల్లించే అధిక ధరలో జోనింగ్ వాటా ఉంది. కొన్నాక ఆ ధరను నిలబెట్టేదీ అదే. బయటివారిగా అడుగుపెట్టి యజమానులైనవారు ఈ చర్చను రెండు వైపుల నుంచీ చూడగలరు. తల్లిదండ్రులను దగ్గరుంచుకునేందుకు పెరట్లో చిన్న ఇల్లు కట్టుకోవాలనుకునేవారికి కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల కొత్త చట్టాలు వెసులుబాటు ఇచ్చాయి. నివాస ప్రాంతాల్లో గుడి, మసీదు, చర్చి కట్టడంపై అన్యాయమైన భారం మోపే జోనింగ్ నుంచి 2000 నాటి ఫెడరల్ చట్టం ఒకటి రక్షణ కల్పిస్తుంది.

ఇదే ప్రశ్న హైదరాబాద్ శివార్లలోనూ ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన జీవో 111 పరిధిలో 84 గ్రామాలున్నాయి. పక్క ఊళ్లో కోట్లు పలికే భూమి తమ ఊళ్లో పలకదని రైతులు వాదించగా, నగరపు నీరు, వరద రక్షణ ముఖ్యమని పర్యావరణవాదులు పట్టుబట్టారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తివేసే దిశగా అడుగు వేసింది. చిన్న ఇంటిని దూరం పెట్టే అమెరికా నిబంధనకూ, చెరువును కాపాడే నిబంధనకూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మూల్యాంకనం

శివారు ఇల్లు కోరుకోవడం తప్పు కాదు. పెరడు, నిశ్శబ్దం, ఏకాంతం కోరే కుటుంబం ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. అదే మర్యాద రెండు వాటాల ఇల్లు కోరేవారికి, నాయనమ్మ దగ్గర పెరిగే మనవడికి, పనిచోటుకు దగ్గరలో చిన్న గది వెతుక్కునే నర్సుకు కూడా దక్కాలి. నూరేళ్ల అనుభవం ఒక కొలబద్ద ఇస్తోంది. విషపు పొగ, మురుగు, వరద, అగ్ని వంటి కీడును అడ్డుకునే నిబంధన తన అవసరాన్ని తానే నిరూపించుకుంటుంది. పొరుగున ఎవరుండాలో ఏరుకోవడానికి పనికొచ్చే నిబంధన అలా నిరూపించుకోలేదు. దాన్ని రాసే అధికారం, దానివల్ల లాభపడేవారి చేతిలోనే ఉన్నంతకాలం అది తనంతట తాను మారదు కూడా. అందుకే ఇంకా ఊళ్లోకి రానివారికి కూడా జవాబుదారీగా ఉండే రాష్ట్ర శాసనసభలు, న్యాయస్థానాలు ఈ విషయంలో కలగజేసుకోవడం స్థానిక స్వేచ్ఛపై దాడి కాదు. స్వేచ్ఛను మరింత మందికి పంచే పని.